గునుగుపూల ఖాలా

మా పాత ఊరి పద్మక్క, మేం ఇప్పుడుంటున్న జనగామ ఇంటికి వచ్చి, చెప్పులు విడవకముందే, "ఖాలా పోయిందట" అన్నది.

"ఎవరు చెప్పిండ్రు నీకు?" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. చావు కబురు వినగానే అడగవలసిన మాట కాదది. అయితే ఖాలా బతికి ఉండి ఇంకెవరి చావు కబురో విన్నా మొదట ఇదే అడిగేది. తర్వాత "నువ్వు కండ్లార చూసినవా?" అనేది. అయ్యో అనడం ఆ తర్వాత. అదీ అనాలనిపిస్తే.

ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. కేసముద్రంలో మా వీధిలో ఏడేళ్లు ఉన్నా, ఆ పేరు తెలిసినవాళ్లు ముగ్గురో నలుగురో. ఎవరైనా అడిగితే, "పేరుతోని నీకేం పని? పూలు గావాల్నంటే పూలు తీస్కపో" అనేది. తురకోళ్ల ఇండ్లల్లో చిన్నమ్మను ఖాలా అంటారు గనుక, చిన్నా పెద్దా అందరం ఆమెను ఖాలా అనే పిలిచాం.

ఎండిన మొక్కలకు రంగులద్ది ఇంటి అలంకారాలు చేయడం ఆమె పని. బతుకమ్మలో పేర్చే గునుగుపూలు, సజ్జ కంకులు, చెరువులో తామరకాయలు, పత్తి ఏరేశాక చెట్టుకు మిగిలే డొప్పలు. ఆ డొప్పలను మేం పొయ్యిలో పెట్టుకునేవాళ్లం. ఆమె వాటికి ఎరుపో, వెండి రంగో పూసి తీగకు గుచ్చితే, ఐదు రేకుల కర్రపువ్వులై గోడకు ఎక్కేవి. గుమ్మాలకు తోరణాలు, మూలన పెట్టే కుండీలకు గుత్తులు కట్టి మానుకోట దాకా పంపేది. బతుకమ్మ పండుగ ముందు మాత్రం ఆమె వాకిలి మా అందరితో నిండిపోయేది. గునుగుకు ఆమె అద్దినట్టు రంగు మాలో ఎవరికీ రాలేదు. మేం ముంచితే పువ్వు ముద్దయ్యేది, చేతులు వారం దాకా గులాబీ రంగులో ఉండేవి. ఆమె ముంచితే ఒక్కొక్క నూగూ విడివిడిగా నిలబడేది.

రంగునీళ్లలో చివరగా ఏం కలుపుతుందో ఎవరికీ చూపలేదు. పటిక వేసేదాకా మా ముందరే. ఆ తర్వాత వీపు తిప్పేది. నేను ఒకసారి పక్కకు వంగి చూశాను. వెంటనే గిన్నె మీద మూత పెట్టి, "పంతులమ్మా, మెడ నొప్పి లేస్తది" అన్నది. నేను పంతులమ్మను కాను. మా ఆయన బడిపంతులు. అయినా నన్ను అట్లాగే పిలిచేది.

బయటికి పోతూ తలుపు సందులో ఒక ఎండుటాకు పెట్టి తాళం వేసేది. తిరిగి వచ్చాక ఆ ఆకు అక్కడే ఉన్నదని చూసుకొని గాని తాళం తీసేది కాదు. రంగు పొడి కొంటే దుకాణం ముందే అరచేతిలో వేసుకొని, ఉమ్మితో తడిపి, ఎండలో పెట్టి చూసేది. దుకాణదారు విసుక్కుంటే, "నీ మీద అనుమానం గాదు సేఠ్, నీకు అమ్మినోని మీద" అనేది. అతని ముఖం కాస్త మెత్తబడగానే, "నీ మీద గూడ జరంత ఉన్నది" అనేది.

మధ్యాహ్నాలు నాకు పని ఉండేది కాదు. వాళ్ల గడపలో కూర్చొని గునుగు కాడలకు ఆకులు దూసేదాన్ని. దూసిన కాడలను పిడికెడు పిడికెడు కట్టి, తలకిందులుగా చీకటి గదిలో వేలాడదీసేది ఖాలా. పది పన్నెండు రోజులయ్యాక ఒక్కొక్క కాడనూ చెవి దగ్గర పెట్టుకొని విరిచేది. టక్కుమంటే ఎండినట్టు. వంగిందే తప్ప చప్పుడు చేయకపోతే పక్కన పడేసేది.

"పైకి ఎండినట్టే ఉంటది. లోపట నీళ్లు దాస్కుంటది. గిది ఒక్కటి వోయి గుత్తిల కూసుంటే అన్నిటికి బూజు వడ్తది" అని చెప్పేది.

ఒక ఎండపూట, నేనేమీ అడగకుండానే, తన భర్త సంగతి చెప్పింది. ఆయన చిట్యాల అవతల అడవి పక్క ఊళ్లలో సైకిల్ మీద తిరిగి గాజులు అమ్మేవాడట. అడవిలోని అన్నలకు, అదే నక్సలైట్లకు, చీటీలు మోస్తున్నాడని ఎవరో పోలీసులకు పేరు చెప్పారు. చాలా రోజులకు విడిచిపెట్టారు. వచ్చినాయన మళ్లీ సైకిల్ ముట్టలేదు. ఏడాది తిరగకముందే పోయాడు.

"పేరు చెప్పినోడు ఎవడో అడివిల ఉన్నోడు గాదు. మా గల్లీలోడే. మా పెండ్లిల కూసోని తిన్నోడే" అన్నది. అంటూనే నా చేతిలోని కాడ లాక్కొని, "ఆకు మంచిగ దుయ్యి" అన్నది.

అవి తెలంగాణ కోసం ఊరూరా వంటావార్పులు, రాస్తారోకోలు సాగుతున్న రోజులు. మా ఆయన స్కూలు మానేసి సమ్మెలో ఉన్నారు. పైగా మా ఊరి ఉద్యమ కమిటీలో ముఖ్యుడు. ఉద్యమం గురించి చెప్పేటప్పుడు పాటలూ డప్పులూ ఊరేగింపులూ చెప్తారు గాని, మాలో మాకు పుట్టిన అనుమానాల సంగతి ఎవరూ చెప్పరు. వీధిలో తెలియని బండి ఆగితే నంబరు చూసేవాళ్లం. ఫోన్లు వింటున్నారని, మీటింగు ఒకచోట అని చెప్పి ఇంకోచోట పెట్టుకునేవాళ్లు. ఒకాయన రెండు మీటింగులకు రాకపోతే అమ్ముడుపోయాడన్నారు. రోజూ వచ్చే ఇంకొకాయన గురించి, గింత తప్పకుండా ఎందుకొస్తున్నడు అన్నారు. ఖాలా ఒక్కతే అనుకునేదాన్ని అనుమానపు మనిషి. ఆ యేడు ఊరంతా ఖాలాలే.

శివరాత్రికి కొంచెం ముందు, రైలు పట్టాల మీద ఆడవాళ్లందరం బతుకమ్మ ఆడాలని కమిటీ నిర్ణయించింది. స్టేషన్‌లో పోలీసులుంటారు గనుక ఊరి అవతల రైలు గేటు దగ్గర, గురువారం పొద్దున. ఆ మాట బయటికి పొక్కవద్దని మా ఆయన నాతో ఒట్టు వేయించుకున్నారు. బతుకమ్మ పేర్చే పని పద్మక్కకూ నాకూ పడింది. పద్మక్క మా ఎదురింటి ఆమె. వాళ్లాయనా కమిటీలోనే ఉన్నాడు. ఆ కాలంలో గునుగు ఎక్కడ దొరుకుతుంది? ఖాలా ఇంట్లో ఎండబెట్టింది తప్ప దిక్కులేదు.

నేను వెళ్లి అడిగితే ఆమె చేతిలో పని ఆపింది.

"గీ దినాలల్ల బతుకమ్మ ఏంది? ఎవరింట్ల?"

"ఊకెనే ఖాలా. చిన్న పూజ ఉన్నది."

"అబద్ధం జెప్పుటానికి గూడ రాదు నీకు. ఎక్కడ? ఎన్నడు?"

"గదంతా నీకెందుకు?"

"ఎండల వెడ్తరా, నీడల వెడ్తరా? మంచుల వెడ్తరా? ఒక్కోదానికి ఒక్కో తీరు రంగు. చెప్పకుంటే తీస్కపోకు."

చెప్పాను. గురువారం, గేటు దగ్గర, తెల్లారగానే. ఆమె చాలాసేపు నన్నే చూసింది. వద్దంటుందేమో అనుకున్నాను. "పొద్దుగాల మంచు వడ్తది. రంగు కారుతది. మైనం పూత పెట్టాలె" అని లేచింది. రెండు రోజులు గది తలుపు తీయలేదు. బుధవారం మధ్యాహ్నం మూడు గంపలు నా చేతికిచ్చింది. గులాబీ, ఆకుపచ్చ, పసుపు, నీలం. నీళ్లు చల్లి చూపించింది. చుక్కలు జారిపోయాయి తప్ప రంగు కదల్లేదు.

"నేనిచ్చిన అని ఎవ్వరికి చెప్పకు" అన్నది.

గురువారం ఇంకా తెల్లారకముందే జీపులొచ్చాయి. మా ఆయననూ, పద్మక్క వాళ్లాయననూ, ఇంకో ఐదుగురినీ ఎవరింట్లోవాళ్లను అక్కడే పట్టుకొని ఎక్కించుకుపోయారు. మేం కొందరం గంపలెత్తుకొని గేటు దాకా ఉరికితే, అక్కడ మాకంటే ముందే పోలీసులు నిలబడి ఉన్నారు. బతుకమ్మ పేర్చకుండానే తిరిగొచ్చాం.

వీధి మొగదల కూలబడ్డాం. ఎవరు చెప్పారన్నదే అందరి నోటా. పద్మక్క తలెత్తింది.

"నిన్న మాపటీలి ఖాలా ఇంట్లకెళ్లి ఒక పోలీసాయన బయటికొచ్చుడు నేను కండ్లార చూసిన."

"ఆమెకేం తెలుసు?" అన్నారెవరో.

నేను అన్నాను: "తెలుసు. నేనే చెప్పిన."

ఆ మాటతో అందరం ఒకేసారి లేచాం.

ఖాలా వాకిట్లో తీగల మీద కట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి, చేతిలోని కట్ట తీగకు కట్టడం పూర్తిచేసి, అప్పుడు తిరిగింది. నేనే ముందు నిలబడ్డాను.

"పోలీసాయన నీ ఇంటికి ఎందుకొచ్చిండు?"

"వచ్చిండు."

"అదే, ఎందుకని అడుగుతున్న!"

"ఆయన పని మీద ఆయన వచ్చిండు. ఒకల సంగతి ఇంకొకలకు నేను చెప్ప. ఆయనది నీకు చెప్ప. నీది ఆయనకు చెప్పలే."

"మరి గేటు కాడికి పోలీసులు ఎట్లొచ్చిండ్రు?"

ఆమె నా కళ్లల్లోకి చూసింది. కోపం లేదు. కాడను చెవి దగ్గర పెట్టుకున్నప్పటి చూపు అది. "నువ్వు ఇంకెవరికి చెప్పినవో యాది చేస్కో పంతులమ్మా" అన్నది.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన జీపులో ఉన్నారు, ఈమె నన్నే అంటుందా? నా వెనుక నుంచి పద్మక్క ముందుకు ఉరికి తీగ పట్టి గుంజింది. తీగ తెగింది. మిగతావాళ్లు గదిలోకి పోయి వేలాడుతున్నవన్నీ తెంపుకొచ్చి మోరీలో పడేశారు. మైనం పూత లేని గునుగు నీళ్లు తాకగానే రంగు వదిలింది. మోరీ వీధి పొడుగునా గులాబీ రంగులో పారింది. బంగారు రంగు వేసిన సజ్జ కంకుల కట్ట ఒకటి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చింది. పక్కకు జరగొచ్చు. జరగలేదు. దాని మీద కాలు పెట్టి నలిపాను. బాగా ఎండింది గనుక గట్టిగా చప్పుడు చేసింది.

ఖాలా ఏడవలేదు, తిట్టలేదు. గడపలో నిలబడి ఒక్కొక్కరి ముఖమే చూసింది. రెండు వారాలకు సామానంతా లారీలో వేసుకొని, చిట్యాలలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. "చూసినవా, తప్పు జేసినోళ్లే పారిపోతరు" అనుకున్నాం.

మా ఆయన ఎనిమిదో రోజున ఇంటికొచ్చారు.

ఆ ఎండాకాలం నెల్లికుదురులో మా పుట్టింట్లో ఒక పెండ్లి జరిగింది. మా అన్నకు భూములున్నాయి, ఊళ్లో పలుకుబడి ఉంది. అన్ని పార్టీలవాళ్లూ ఆయన అరుగు మీద కూర్చొని పోయేవాళ్లే. ఉద్యమానికి చందాలిచ్చేవాడు, అధికారులతోనూ మంచిగా ఉండేవాడు. పెండ్లి పందిట్లో నా పక్కన కుర్చీ వేసుకొని నవ్వుతూ, "బావకు ఒక్క దెబ్బ గూడ తాకలే గదా చెల్లె?" అన్నాడు.

"తాకలే. ఎందుకన్నా?"

"పట్టాల మీదికి వోతే లాఠీలు లేస్తయని నాకు తెల్వదా? అందుకే పోలీసోళ్లకు ముందుగాల్నే మాట చెప్పిన. ఇంట్లకెళ్లే మంచిగ తీస్కపోండ్రి, చెయ్యి చేసుకోకుండ్రి అన్న."

"నీకెవరు చెప్పిండ్రు?" అన్నాను.

అన్న ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వే గదనే! మంగళారం నాడు ఫోన్ల. గురువారం గేటు కాడ ఆడోళ్లం పట్టాల మీద ఆడుతున్నం, టీవీల వస్తం అన్నవు గద."

అప్పుడు యాదికొచ్చింది. అమ్మ మందుల గురించి ఫోన్ చేశాడు. మాటల్లో, గొప్పకు, నేనే చెప్పాను. అన్న బయటివాడు కాదు గదా. చెప్పినట్టే లెక్క వేసుకోలేదు.

పోలీసాయన సంగతీ తర్వాత తెలిసింది. కొత్తిల్లు కట్టుకున్నాడట. గుమ్మానికి తోరణం చేయించుకొని తీసుకుపోవడానికి వచ్చాడు. అంతే.

పెండ్లయిన ఆ వారమే మా ఆయనకు పుట్టింట్లోనే ఉన్నానని చెప్పి చిట్యాల పోయాను. రైలుకు వరంగల్, అక్కడినుంచి పరకాల బస్సు, మళ్లీ ఇంకో బస్సు. ఖాలా చెల్లెలి ఇంటి వెనుక తాటాకు చీలుస్తోంది. నన్ను చూసి, నా వెనుక ఇంకెవరైనా ఉన్నారా అని దారి దాకా చూసింది. కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను. మా అన్న పేరుతో సహా చెప్పాను. చెప్తూ ఏడ్చాను.

ఆమె తాటాకు చీల్చడం ఆపలేదు.

"గిది ఇంకెవరికి చెప్పినవ్?"

"ఎవ్వరికి చెప్పలే ఖాలా. నీకే."

"నాకెందుకు? నేను చెప్పలేదని నాకు తెల్వదా?" అన్నది. చేతిలోని కత్తిని కేసముద్రం ఉన్న దిక్కుకు చూపించింది. "తెల్వనోళ్లు ఆడ ఉన్నరు. ఆడ చెప్పు."

చెప్తానని వచ్చాను. చెప్పలేదు. చెబితే మా అన్న ద్రోహి అవుతాడు. నా నోరు పట్టక ఏడుగురు జైలుకు పోయారని తేలుతుంది. మా ఆయన కమిటీలో తలెత్తుకోలేరు. రేపు, ఎల్లుండి అనుకుంటూనే ఏడాది మీద కొన్ని నెలలు గడిచాయి. ఖాలా ద్రోహి అని వీధిలో ఎవరైనా అన్నప్పుడల్లా నేను ఇంట్లోకి పోయేదాన్ని. అనుమానం అలవాటైన ఊళ్లో ఉండడం ఒకటి, ఆ అనుమానం వెనుక దాక్కోవడం ఇంకొకటి. రెండోది నేను చేశాను.

మరుసటి ఏటి బతుకమ్మ పండుగకు పద్మక్క వాళ్ల అరుగు మీద పన్నెండుమందిమి కూర్చొని గునుగుకు రంగులు వేస్తున్నాం. రంగు కారుతోంది. "ఖాలా ఉంటే గిట్ల కారకపోవు" అన్నదొక అమ్మాయి.

"పండుగ పూట ఆ ద్రోహి ముచ్చటెందుకు?" అన్నది పద్మక్క.

"ఆమె గాదు. నేను" అన్నాను.

వాళ్లకు అర్థం కాలేదు. మొదటినుంచీ చెప్పాను. ఫోన్, అన్న, తోరణం, చిట్యాల, అన్నీ. ఎవరూ నన్ను తిట్టలేదు. పద్మక్క చేతులు రంగుగిన్నెలో అట్లాగే ఉండిపోయాయి. ఆఖరికి, "నా చేతులతోని తెంపిచ్చినవ్ గదనే" అన్నది. అంతే. లేచి లోపలికి పోయింది.

మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజున, "పోయినేడే చెప్పాల్సింది" అన్నారు. మా అన్న అరుగు మీదికి ఉద్యమంవాళ్లు రావడం మానేశారు. ఆయన రాష్ట్రం వచ్చినాక కూడా రెండేళ్లు మా గడప తొక్కలేదు.

చిట్యాలకు ఫోన్ చేసి, చెప్పేసిన ఖాలా అన్నాను.

"ఎక్కడ చెప్పినవ్?"

"పద్మక్క అరుగు మీద."

"ఎవరెవరున్నరు? పేర్లు చెప్పు."

పదకొండు పేర్లూ ఒక్కొక్కటే చెప్పించుకొని, ఇంకేమీ అనకుండా ఫోన్ పెట్టేసింది.

పండుగ అయిన మూడో రోజున మా వీధి మొగదల ఖాలా కనబడింది. చేతిసంచితో, ఒక్కతే. మా ఇంటి ముందునుంచే పోయింది గాని ఇటు చూడలేదు. మొదటి ఇంటి తలుపు కొట్టింది. నేను కిటికీలోంచి వింటూనే ఉన్నాను.

"పంతులమ్మ నీ ముందట చెప్పిందా?"

"చెప్పింది ఖాలా."

"ఏమని చెప్పింది?"

ఆ పిల్ల అంతా చెప్పింది. ఖాలా పూర్తిగా విని, పక్కింటికి పోయింది. అక్కడా అదే ప్రశ్న. అట్లా పదిళ్లు తిరిగింది. ఒకరి మాటకు ఇంకొకరి మాట కలిసిందో లేదో చూసుకుంటున్నదని నాకు తెలుసు. ఎండలో మెల్లగా నడుస్తోంది. ఒకచోట గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. బయటికి పోవాలని నాకున్నది, కాని సాక్ష్యాలు వింటున్న మనిషి ముందుకు ముద్దాయి ఎట్లా పోతుంది?

ఆఖరుకు పద్మక్క గడప దగ్గరికొచ్చింది. అప్పుడిక ఆగలేక నేనూ బయటికొచ్చాను.

ఖాలా అడగకముందే పద్మక్క లోపలికి పోయి చాయ్ తెచ్చింది. స్టీలు గ్లాసు పొగలు కక్కుతోంది. ఖాలా దాన్ని అందుకోలేదు.

"గిప్పుడెందుకు ఇస్తున్నవ్?" అన్నది.

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది. జవాబు కోసం ఎదురు చూసింది. వీధిలో తలుపుల దగ్గర నిలబడ్డవాళ్లెవరూ కదల్లేదు.

"నీ పూలు తెంపిన ఖాలా" అన్నది పద్మక్క చివరికి. "ఒక్క మాట గూడ సరిగ్గ అడగకుండ తెంపిన. తప్పయింది."

ఖాలా ఆ మాటను కాసేపు తూచింది. తర్వాత గ్లాసు అందుకొని, నిలబడే తాగింది. నా వైపు తిరిగి, "చెప్పినవ్" అన్నది.

తాగడం అయ్యాక గ్లాసు పట్టుకొని వాకిట్లో నల్లా దగ్గరికి నడిచింది, కడిగి ఇవ్వడానికి. మా ఇండ్లల్లో తాగిన గ్లాసు ఎప్పుడూ ఆమే కడిగి పెట్టేది. పద్మక్క ఉరికి ఆ గ్లాసు పట్టుకున్నది.

"నువ్వు కడుగుడేంది ఖాలా? ఇటియ్యి."

ఖాలా ఇవ్వలేదు. పద్మక్క విడిచిపెట్టలేదు. నల్లా నీళ్లు ఇద్దరి కాళ్ల మీదా పారుతున్నాయి. చాలాసేపటికి, చాలా నెమ్మదిగా, ఖాలా తన వేళ్లు ఒక్కొక్కటే తీసేసింది.